గున్వోర్ పిన్ని తొట్టిలోని చేపలు

మా హెస్ట్‌వాట్న్ సరస్సు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఓస్లో నుంచి వచ్చినవాళ్లు "ఎంత స్వచ్ఛమో!" అంటూ ఫొటోలు తీసుకుంటారు. చచ్చిన నీళ్లకే అంత తేట వస్తుందని చెప్పే ఓపిక నాకు లేదు. సముద్రం అవతల బొగ్గు తగలబెట్టేవాళ్లు, పొగ తమ ఊళ్ల మీద పడకూడదని చిమ్నీలు ఇంకా ఎత్తుగా కట్టుకున్నారు. ఆ పొగలోని గంధకం ఆమ్లమై మా వానలో, మంచులో దిగుతోంది.

మా అమ్మ చెల్లెలు గున్వోర్ పిన్ని బడిలో వంట చేసేది. 1974లో మా సరస్సులో ట్రౌట్ చేపలు చచ్చి తేలిపోతుంటే, బతికున్న పదకొండింటిని పాలబిందెలో తెచ్చి కొట్టంలోని సిమెంటు తొట్టిలో పోసింది. తొట్టిలోకి పారే ఊటనీళ్లు ఆగిపోతాయేమోనని తొమ్మిదేళ్లు పెళ్లిళ్లకు కూడా ఊరు దాటలేదు. ఏటా వాటి గుడ్లు తీసి పిల్లల్ని పొదిగించింది. ఆ సరస్సు జాతి ఇక ఆ తొట్టిలోనే మిగిలింది.

పోయిన చలికాలం ప్రభుత్వం పంపిన సున్నపురాయి పొడిని సరస్సు మంచుగడ్డ మీద చల్లాం. గడ్డ కరిగితే పొడి దిగి నీళ్లలోని ఆమ్లాన్ని విరుస్తుంది. మే నెలలో కరిగింది. చేపపిల్లల్ని వాగు సరస్సులో కలిసేచోటే వదలడం మా లోయ ఆచారం.

"వాగు నీళ్లు ఎవరూ పరీక్షించలేదు పిన్నీ, సరస్సు మధ్యలో వదులుదాం."

"చదువు మధ్యలో పారేసినవాడివి, నాకు మధ్యలో అని చెప్పకు. మా తాత వదిలింది ఇక్కడే."

చేపల సంఘం పెద్ద హాల్వర్ పగలబడి నవ్వాడు. "వాడి మాటకేంలే గున్వోర్, పడవెక్కితే కళ్లు తిరిగే రకం!"

అయినా పిన్నికి మనసొప్పక పిల్లల్లో సగమే అక్కడ వదిలింది.

మూడో రోజుకు వదిలినవన్నీ తెల్లపొట్టలతో తేలాయి. మొప్పల నిండా చీమిడిలాంటి జిగురు. కొండ మీది మంచులో ఆర్నెల్లు పేరుకున్న ఆమ్లం మొదటి కరుగునీళ్లలోనే దిగుతుంది, మట్టిలోని అల్యూమినియాన్ని కడుక్కుంటూ. అది మొప్పలకు పట్టి చేపకు ఊపిరాడనివ్వదు. మేం సున్నం వేసింది సరస్సుకు, వాగుకు కాదు.

"వచ్చే ఏడు మిగతా సగం కూడా ఇక్కడే వదులుదాం, ఆచారం ఆచారమే" అన్నాడు హాల్వర్.

పిన్ని ఒక చచ్చిన చేపపిల్ల మొప్ప విప్పి, ఆ జిగురును అతని కోటు చేతికి పూసింది. "ఇదిగో నీ ఆచారం. ఇంటికి పట్టుకెళ్లు." తర్వాత నాతో, "వాగు బాగయ్యేదాకా మిగతావి తొట్టి దాటవు. వాగు పైకి సున్నం మోద్దాం పద" అంది.

ఆ పొగను చిమ్నీలోనే సున్నపునీళ్లతో కడిగేయొచ్చు. వాళ్లకు ఖర్చట. అరవై రెండేళ్ల మా పిన్ని బస్తా వీపునేసుకుని కొండెక్కడం మాత్రం ఎవరికీ ఖర్చు కాదు. థూ!