కోటబండ వెనుక వైపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఏది చెప్పినా రుజువు అడిగేది నేనొక్కడినే. భువనగిరి దగ్గరి నేత కుటుంబం మాది. గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే గుంట మగ్గాలు ఇంట్లో రెండుండేవి. ఒకటి బాపుది, రెండోది బాపు తమ్ముడైన మా చిన్నాయనది. బడి లేనప్పుడల్లా చిన్నాయన మగ్గం మీద నేనూ నేసేవాణ్ణి. పదో తరగతి పాసైన ఎండాకాలంలో బాపు, ఇక చదువు చాలు, నీకూ ఒక మగ్గం వేయిస్తానన్నాడు. నాకేమో కాలేజీకి వెళ్లి భౌతికశాస్త్రం చదవాలని. ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం ముద్ద కూడా వాదన లేకుండా దిగేది కాదు.

ఒకనాటి పొద్దున మాటా మాటా పెరిగింది. నువ్వు చెప్పిందల్లా ఎందుకు నమ్మాలని అడిగాను. బాపు నేస్తున్న చేయి ఆపాడు.

“కోటబండ ఎనక దిక్కు నుంచి ఎక్కినోడు మళ్ల దిగలేడంటరు. గది గూడ నమ్మవా?”

“నమ్మ.”

“అయితే పో. ఎక్కు.”

అది కోపంలో అన్న మాట. నేను దాన్ని ప్రయోగానికి అనుమతిగా తీసుకున్నాను.

భువనగిరి కోట ఉన్న ఆ పెద్ద బండకు ముందు వైపే మెట్లున్నాయి, వెనుక అంతా రాయే. ఎక్కడం నేననుకున్నంత కష్టం కాలేదు. చెప్పులు కింద వదిలేశాను. ఉత్త పాదాలకు రాయి బాగానే పట్టు ఇచ్చింది. రెండు తాటిచెట్ల ఎత్తు దాటాక బండ నిటారుగా మారింది. పైకి దారి లేదు. దిగుదామని కిందికి చూశాక తెలిసింది, నా పరిశీలన సగమే పూర్తయిందని. ఎక్కేటప్పుడు చేతికంటే ముందు కన్ను వెళ్తుంది. దిగేటప్పుడు కాలు ముందు వెళ్తుంది, అది ఆనే చోటు కంటికి కనిపించదు. ఎండకు రాయి కాలుతోంది, అరచేతులు చెమటతో జారుతున్నాయి. అరవడానికి కూడా భయమేసింది, ఊపిరి గట్టిగా తీస్తే బండ నన్ను తోసేస్తుందేమోనని.

అప్పుడు కిందినుంచి చిన్నాయన గొంతు వినిపించింది. మా అమ్మ ఆయన్ను నా వెనుకే పంపిందట.

“ఏమిరో! కోతులు గూడ మెట్ల మీదికెల్లే పోతయి. నీకు గీ దారే దొరికిందా?”

ఆయన వాలు మీద కొంత పైకి వచ్చి, సరిగ్గా నా కిందనే నిలబడ్డాడు.

“ఇను బిడ్డా. నీ ఈడుల నేను గిదే దారిల దిగిన. ఏడ ఏ నొక్కు ఉన్నదో నాకు ఎరికె. మొకం బండ దిక్కే ఉంచు. మగ్గం గుంటల కాళ్లు సూసుకుంట తొక్కుతవా?”

“తొక్క.”

“గిది గూడ గట్లనే. సూడకు. ఎడమ కాలు దించు. జర కిందికి. ఆఁ, ఆడ ఆగు. ఇగ కుడిది.”

మగ్గం దగ్గర నేను వదిలి పారిపోవాలనుకున్న పనే అది. కాళ్లు మాత్రం దాన్ని మరవలేదు. ఆయన గొంతు ఎటు చెబితే అటు కదిలాయి. ఒక చోట ఆయన ఉందన్న నొక్కు లేదు. నా పాదం నున్నటి రాతి మీద వెతికి వెతికి జారింది. పైనున్న చేతివేళ్ల మీదే వేలాడాను.

“నేనే మర్శిన. జర కుడి దిక్కు జరుపు,” అన్నాడు, సంతలో దారి చెబుతున్నంత నిదానంగా. అక్కడ పట్టు దొరికింది.

నేల మీద కాలు పెట్టగానే కొడతాడనుకున్నాను. కొట్టలేదు. “పా, బువ్వ సల్లారుతాంది” అన్నాడు. ఆ సాయంత్రం బాపుతో మాత్రం, “వాన్ని కాలేజికి తోలు అన్నా. మళ్ల ఎక్కితే దింపుడు నాతోని కాదు” అన్నాడట. బాపు తోలాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ప్రయోగశాల ఉద్యోగం నుంచి రిటైరై ఊరికి వెళ్లినప్పుడు, పాత అలవాటు కొద్దీ, తాను ఆ దారిలో దిగానన్న చిన్నాయన మాటను సరిచూశాను. చిన్నాయన బండ ఎక్కగా చూసినవాళ్లు ఆయన ఈడువాళ్లలో ఎవరూ లేరు. మంచం మీదున్న ఆయననే అడిగాను. బోసినోటితో నవ్వాడు.

“నేనెన్నడెక్కిన్రా? మెట్ల మీదనే కండ్లు తిరుగుతయి నాకు. కింది నుంచి సూసుకుంట చెప్పిన.”

“నేను జారితే?”

“నేను కిందనే ఉంటి గద.”

ఆ లెక్క నేను చేశాను. అంత ఎత్తు నుంచి జారే పిల్లవాణ్ణి ఏ మనిషీ ఆపలేడు. ఇద్దరమూ పోయేవాళ్లం. నా కాలు జారిన క్షణాన, అడుగు పక్కకు వేస్తే ఆయన బతుకుతాడు. ఆ సంగతి తెలియడానికి భౌతికశాస్త్రం అక్కర్లేదు. ఆయన గొంతు మాత్రం అప్పుడు కూడా నా కిందినుంచే వచ్చింది.

ఈ మధ్య మా మనవరాలికి పదిహేనేళ్లు నిండాయి. నేను చెప్పేది ఏదీ నమ్మదు. వాదన ముదిరితే తలుపు ధడాలున వేసి డాబా మీదికి వెళ్లిపోతుంది. ఆమె తప్పని చూపడానికి నా దగ్గర రుజువులు చాలానే ఉంటాయి. వాటిని కింద వదిలేసి, డాబా మెట్ల మీద కూర్చుంటాను. ఆమె దిగి వచ్చేదాకా లేవను.