మగ్గమెక్కిన అవ్వ పేరు

నగరిలో మాకు మరమగ్గాలున్నాయి. ఇంట్లో ఎవరు మొదటిసారి చీర డిజైను గీసినా దానికి మా అవ్వ పొడి అక్షరాలే పేరు: పీఆర్ఎన్. మగ్గాల పని మొదలుపెట్టింది ఆమే. గళ్ల కాగితం మీద గీసినన్నాళ్లూ ఈ ఆనవాయితీతో ఏ చిక్కూ రాలేదు. చెల్లెలు తన మొదటి అంచును కాలేజీలో లినక్స్ కంప్యూటర్ మీద గీసి, అదే పేరు పెట్టి, పెన్ డ్రైవ్‌లో తెచ్చింది.

మగ్గానికి డిజైను ఎక్కించే మా ఇంటి కంప్యూటర్‌ది విండోస్. ఫైలు కనిపిస్తుంది, తెరుచుకోదు. కాపీ కాదు. చెరిపినా పోదు. సాయంత్రం చెన్నై నుంచి చీరల వ్యాపారి వస్తున్నాడు. అప్పటికి ఈ అంచు మగ్గం మీద లేకపోతే పాత డిజైనే నేయమని వెళ్లిపోతాడు.

నాయన నిమ్మకాయ తెచ్చి మానిటర్ ముందు పెట్టాడు. “దిష్టి తగిలుండాది.”

“దాన్ని యాడ గుచ్చాల నాయనా? దానికి యూఎస్‌బీ లేదే,” అన్నాను.

ఫోన్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. విండోస్ పాతకాలం నుంచీ కొన్ని పేర్లను యంత్రాల కోసమే అట్టిపెట్టుకుందట; లినక్స్‌కూ ఫోన్‌కూ ఆ పట్టింపు లేదట. వాటిలో పీఆర్ఎన్ ప్రింటర్‌ది. అంటే విండోస్ లెక్కలో మా అవ్వ ఒక ప్రింటర్. మొదలుపెడితే ఆపడం కష్టం కనుక, పోలిక మరీ తప్పేం కాదు.

“పేరు మారిస్తే సరిపోతాది,” అన్నాను.

“మార్సేది లేదు,” అన్నాడు నాయన. “మాయమ్మ పేరు తీసేసి బాగుపడతామా?”

“అయితే నా అంచు ఈ డబ్బాలోనే పడుండనీ,” అంది చెల్లెలు. ఆ గొంతు విన్నాక నాకు జోకు రాలేదు. ఉపాయం వచ్చింది.

“నాయనా, అవ్వను ఎవురన్నా ఉత్త పేరుతో పిలిసినారా?”

“ఎవురికుండాది అంత ధైర్యం?”

“మనమే పిలస్తా ఉండాము. సివర అమ్మ అని చేరిస్తే పోలా?”

నాయన నిమ్మకాయను మానిటర్‌కు ఇంకాస్త దగ్గరగా జరిపాడు. “అదీ మర్యాదే,” అన్నాడు.

పెన్ డ్రైవును ఫోన్‌కు తగిలించి పేరు చివర ‘అమ్మ’ చేర్చాను. తిరిగి కంప్యూటర్‌కు పెట్టగానే రాగి కంకుల అంచు తెర నిండా పరుచుకుంది. మగ్గం కదిలింది. వ్యాపారి వచ్చేసరికి బట్ట మీద జానెడు కంకులు తేలాయి.

“ఎవురప్పా ఇది గీసింది?” అన్నాడాయన, అంచు మీద వేలు పెట్టి.

నాయన చెల్లెలిని ముందుకు తోశాడు. వ్యాపారి పాత డిజైన్ల ఊసెత్తకుండా ఇదే నేయమని చెప్పి రైలెక్కాడు.

ఇదంతా నిమ్మకాయ మహిమేనని నాయన ఇప్పటికీ అంటాడు. దాన్ని చెల్లెలు ఆ సాయంత్రమే సోడాలో పిండుకుని తాగేసింది.