చెరువు కోసం వైరస్ తేవడానికి తాడేపల్లిగూడెం వెళ్లాం

"వైరస్ తెచ్చుకోవాలే, గూడెం దాకా తోడొస్తావా?" అని ఉండి నుంచి మా సత్యవతక్క ఫోన్ చేస్తే నాకు నవ్వొచ్చింది. రొయ్యల చెరువులున్నవాళ్లు వైరస్ పేరెత్తితేనే హడలిపోతారు. సంగతేమిటంటే, అక్క చెరువులో రొయ్యలకు బ్యాక్టీరియా సోకి రోజూ కొన్ని చచ్చిపోతున్నాయి. ఆ బ్యాక్టీరియాను మాత్రమే చంపే వైరస్‌ను వెతికి, పెంచి ఇచ్చే పరిశోధనశాల తాడేపల్లిగూడెంలో ఉందట. అది దొరక్కపోతే రొయ్య ఎదగకముందే పట్టి అమ్మేయాలి. కొనే ఆయన మూడు రోజుల్లో వలలతో వస్తానన్నాడు కూడా. వైరస్‌ను పెంచే చోటు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఒకటే ఆత్రం.

ఏలూరులో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే భీమడోలు మీదుగా గంటలోపే గూడెం. టికెట్టు రెండు టీల ఖర్చు. స్టేషను బయట అక్క వాళ్ల ఊరి నూకరాజు ఆటోలో, ఒళ్లో ఐసు పెట్టెతో కూర్చుని ఉంది. జబ్బు రొయ్యలను ముందువారమే ఇచ్చేసింది. వాటిలోంచి బ్యాక్టీరియాను వేరుచేశారు, ఇప్పుడు వైరస్‌ను వెతకడానికి చెరువు నీళ్లు కావాలన్నారు. పరిశోధనశాలలో ఈ పని చూసే మాధవి గారు పెట్టెలోని సీసాను వెలుగుకెత్తి చూశారు.

"ఎంత తేటగా ఉన్నాయండీ!"

అక్క మురిసిపోయింది. "ఆఫీసుకి మురికినీళ్లేం తెస్తామండీ? సీసా బ్లీచింగుతో కడిగి, నీళ్లు పైపైన ముంచి, గుడ్డలో వడకట్టి మరీ తెచ్చానండీ."

మాధవి గారు నవ్వాపుకున్నారు. "బ్లీచింగు తగిలితే వైరస్ కూడా చచ్చిపోద్దండీ. అయినా అది రోగం ఎక్కువున్న చోటే ఉంటదండీ. మేత కుళ్లిన అడుగు బురద కావాలి. సాయంత్రం ఐదులోగా తేగలరా?"

అక్క ముఖం చిన్నబోయింది. చుట్టాలకి గ్లాసు తోమి ఇచ్చినంత శ్రద్ధగా తెచ్చింది పాపం!

గణపవరం మీదుగా ఉండికి గంట పైనే పడుతుంది. "మళ్లీ నీళ్లకేనాండీ?" అన్నాడు నూకరాజు.

"బురదకి నాయనా."

"బురద కోసం ఆటో కట్టించుకున్నవాళ్లని మిమ్మల్నే చూశానండీ!" అంటూనే దుమ్ము రేపుకుంటూ తీసుకెళ్లాడు.

అక్క చీర ఎగదోపి చెరువు మూలలోకి దిగి, ముక్కుకి కొంగు అడ్డుపెట్టుకుని, వట్టి నీళ్లతో కడిగిన మరో సీసాలోకి నల్లటి బురద ముంచింది. "ఇది చూపిస్తే మన పరువేం కానే?"

"పరువు సంగతి తర్వాత, ముందు మూత బిగించు" అన్నాను. ఐదు కాకుండానే అందించాం. రాత్రి అక్కడే లాడ్జిలో ఉన్నాం.

మర్నాడు మధ్యాహ్నం మాధవి గారు గాజు పళ్లెం చూపించారు. పల్చగా పరుచుకున్న బ్యాక్టీరియా పొర నిండా అట్టు మీద చిల్లుల్లాంటి ఖాళీలు. "ఇవన్నీ మీ చెరువు వైరస్ బ్యాక్టీరియాను చంపిన చోట్లేనండీ. డీఎన్‌ఏ చదివి, చెడ్డ జన్యువులేవీ లేవని తేలాకే పెంచి ఇస్తాం. పది రోజులు పట్టొచ్చు. చెరువులో కచ్చితంగా పనిచేస్తుందని మాత్రం చెప్పలేనండీ."

అక్క ఆ చిల్లులనే చాలాసేపు చూసింది. బయటికొచ్చి రొయ్యలు కొనే ఆయనకి ఫోన్ చేసింది. "ఏవండీ, రేపు వలలు తేవద్దండీ. నేను ఆగుతున్నాను."

ఆ వైరస్ పనిచేయకపోతే అక్క రొయ్యలేమైపోతాయోనని తిరుగు రైల్లో నాకు భయం వేసింది. ఇంత దూరం పరుగెత్తి వెతికించుకున్నది అక్క దాచేద్దామనుకున్న బురదలోనే ఉందన్న ఆశ్చర్యమూ తీరలేదు. మీరూ వెళ్లేట్టయితే, వట్టి నీళ్లతో కడిగి ఆరబెట్టిన సీసాలో, చెరువులో అన్నిటికంటే అసహ్యమైన మూల నుంచి బురద తీసుకెళ్లండి, బ్లీచింగు తగలనివ్వకండి. ఇది రాసేనాటికి మందు ఇంకా రాలేదు. ఈలోగా ఆ కంపు మూల జోలికి ఎవరూ వెళ్లకూడదని అక్క కర్రలు పాతి తాడు కట్టించింది.