రెండు పక్కలా వస్తాందా?

మా నాయన ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నేస్తున్నంతసేపూ పాటలు ఉండాల్సిందే. టేప్‌రికార్డర్ గొంతు ఎంత పెంచినా ఆయనకు చాలేది కాదు. అమ్మకేమో తలనొప్పి. హిందూపురంలో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, చెవుల్ని మెత్తగా కప్పేసే పెద్ద హెడ్‌ఫోన్స్ కొనిచ్చాను. ఇల్లు నిమ్మళించింది.

కానీ వాటి తీగతో చిక్కొచ్చింది. ఒకరోజు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను విసిరే చేతికి తీగ చుట్టుకుని, చెయ్యి తప్పి, పట్టుపోగులు బోలెడు తెగిపోయాయి. వాటిని ఒక్కొక్కటే అతుకుతూ నాయన పొద్దంతా కూర్చున్నాడు. "పాట కావల్నో చీర కావల్నో తేల్చుకో" అంది అమ్మ.

రెండువేల సంవత్సరం దాటాక తీగ లేకుండా పాట వినిపించే పెట్టెలు బెంగళూరు నుంచి హిందూపురం అంగళ్ళకు రావడం మొదలైంది. ఒక పెట్టెను టేప్‌రికార్డర్‌కు తగిలిస్తారు, రెండోదాన్ని జేబులో వేసుకుంటారు. ఆ జేబు పెట్టెకు మన హెడ్‌ఫోన్సే గుచ్చుకోవచ్చు. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే, మర్నాడే నాయన హెడ్‌ఫోన్స్‌ను తువ్వాలలో చుట్టుకుని రైల్లో దిగాడు.

నాయనను ఒక అంగడికి తీసుకెళ్ళాను. అంగడాయన నిదానస్తుడు. ముందుగా చెవి బుడిపెలు దాంతోనే వచ్చే రకం ఒకటి చూపించాడు. నాయన తల అడ్డంగా ఊపాడు. "నాకు ఇవే అలవాటప్పా. వీటిలోకే పాట వచ్చేది చూపీ."

అయితే రెండు రకాలున్నాయన్నాడు ఆయన. మొదటిది కంటికి కనబడని వెలుతురుతో పాటను పంపేది. దాన్ని జేబు అంచుకు తగిలించుకుని నాయన అంగడి స్తంభం వెనక్కి పోయాడో లేదో పాట ఆగిపోయింది. "మగ్గం గుంతలో దిగితే ఇది పలకదు" అని తనే తీర్పు చెప్పి ఇచ్చేశాడు. రెండోది రేడియోలాంటిది. దాంతో స్తంభం దాటి, మెట్లు దిగి, వీధిలో ఆటోల మధ్య నిలబడి అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

లోపలికి వచ్చాక అంగడాయన మామూలుగా అడిగాడు. "రెండు పక్కలా వస్తాందా?"

"కుడి పక్క వస్తాంది గదా."

"ఎడమ పక్క?"

"ఎడమ పక్క ఏంటికొస్తాది?" అన్నాడు నాయన.

పెట్టెలో లోపం ఉందనుకుని ఆయన ఇంకొకటి విప్పాడు. అదీ అంతే. హెడ్‌ఫోన్సే పాడైనట్టున్నాయని వాటిని నా తలకు పెట్టాడు. రెండు చెవుల్లోనూ పాట నిండుగా వచ్చింది. ఆ మాట చెప్పాను. ఆయన ఒక్క క్షణం నాయన వైపు చూసి, హెడ్‌ఫోన్స్‌ను తిరగేసి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వచ్చేలా నాయనకు తొడిగాడు.

"ఇప్పుడు యాడొస్తాంది పెద్దాయనా?"

"కుడి పక్కే."

నాయన హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశాడు. "పాట రెండు చెవుల్లో వస్తాదా పాపా? అందరికీ?" అన్నాడు. ఆయన కడుపున పుట్టి, ఆయన పక్కన పెరిగి, ఇన్నేళ్ళు ఆయనతో మాట్లాడుతూ వచ్చినదాన్ని, ఆ సంగతి నాకూ తెలియలేదు.

సాయంత్రమే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు కొమ్ముల ఇనుప శ్రుతిదండాన్ని మోగించి నుదుటి మీద ఆనించి చూశాడు. చెవి లోపల నరం చచ్చిపోయిందన్నాడు. "చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చినాయా?"

"బుగ్గలు వాచి మంచాన పడితినని మా అమ్మ చెప్తాండె."

"అప్పుడే పోయింటాది. ఒక చెవి బాగుంటే రెండోది పోయిన సంగతి చాలామందికి తెలియదు. ఇంక అది రాదు."

ఆ రాత్రి నాయన సరిగా తినలేదు. మర్నాడు నేనూ ఆయనతో ధర్మవరం బయలుదేరాను. రైలు సగం దూరం పోయాక ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, మీ అత్త అబద్ధం చెప్పలేదేమో!"

ఆయన అక్క, అంటే మా మేనత్త, పెనుకొండలో ఉంటుంది. వాళ్ళ పెద్దకూతురి పెండ్లిలో, మేనమామగా పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకురావలసింది నాయనే. ఆ గంప ఇంకెవరో మోశారు. తనను పిలవకుండా బావ అవమానించాడని నాయన ఆ పూట అన్నం ముట్టకుండా వచ్చేశాడు. అప్పటి నుంచీ రాకపోకల్లేవు. "ఆయప్ప పిలిచినాడురా" అని అత్త ఎంత చెప్పినా, మొగుణ్ణి వెనకేసుకొస్తోందని నాయన నమ్మలేదు.

పెనుకొండలో దిగేశాం. అత్త మొగుడు, మా మామ, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"బావా, ఆ పొద్దు నన్ను పిలిచినావా?" నిలబడే అడిగాడు నాయన.

"మేళాల మోతలోనే పందిరంతా అదిరేట్ల పిలిస్తి. నువ్వు తల తిప్పలేదు. అంతమందిలో నా తల తీసేసినావు."

"ఏ పక్క నిలబడినావు?"

"నీ ఎడమ పక్కే. ఏం?"

నాయన ఎడమ చెవి సంగతి నేను చెప్పాను. మామ నమ్మలేదు. "ఏం కతలు చెప్తాండావమ్మా? ఏదీ, ఆ కుడి చెవి మూయమను" అన్నాడు.

నాయన తువ్వాల కొస కుడి చెవిలో కుక్కి, పైన అరచేత్తో గట్టిగా మూసుకుని వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. మామ ఎడమ పక్కకు వచ్చి, "ఏమబ్బా, అన్నం తింటావా?" అన్నాడు. నాయన కదల్లేదు. ఇంకా దగ్గరికి జరిగి, ఈసారి అరిచాడు. వంటింట్లోంచి అత్త పరిగెత్తుకొచ్చింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. నాయన మాత్రం వీధిలో పోతున్న ఎద్దులబండిని చూస్తున్నాడు.

మామ అరుగు మీద కూలబడ్డాడు. "దేవుడా, నాలుగడుగులేసి చెయ్యి పట్టుకోనుంటే అయిపోతుండె" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నలుగురం కలిసి తిన్నాం. అన్ని సంవత్సరాలు ఏమైపోయాయో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు.

ఇంటికి చేరి అమ్మకు చెప్పినప్పుడు ఆమె చరకా మీద పట్టు చుడుతోంది. మగ్గానికి ఎడమ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే. తిరుగుతున్న చక్రం ఆగిపోయింది.

"అయితే ఆ పొద్దు నేనడిగింది నీకు వినపడలేదా?"

"ఏం అడిగినావు?"

"నాకూ ఒక మగ్గం వేసియ్యమని. పాప చిన్నప్పుడు. నీ పాట మోగుతాంటే ఈడనే కూర్చోని అడిగితి. నువ్వు పలకలేదు. ఇష్టం లేదనుకొని ఆ మాట మళ్ళా ఎత్తలేదు."

"నువ్వట్లా అడిగినట్లే నాకు తెలీదే" అన్నాడు నాయన. "ఇప్పుడు వేస్తా. రేపే గుంత తవ్విస్తా."

"ఇప్పుడు మోకాళ్ళు వంగుతాయా?" అంది అమ్మ. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

రెండో మగ్గం రాలేదు. మోకాళ్ళు ఎక్కువ వంచకుండా కూర్చునేలా, నాయన తన మగ్గానికే ఎత్తుగా పలక వేయించాడు. మధ్యాహ్నాలు అమ్మ అక్కడ కూర్చుని నేసేది. ఆయన కుడి చెవిని ఆమె వైపు పెట్టి కింద కూర్చునేవాడు. అమ్మ మొదలుపెట్టిన చీర పూర్తయి మగ్గం నుంచి కోయడానికి చాలాకాలం పట్టింది. అంచు ఒకచోట వంకర పోయింది. అమ్మ దాన్ని అమ్మనివ్వలేదు.