మూడు రోజుల ప్రకటన

1982 అక్టోబరు 12, 13, 14. మంగళ, బుధ, గురువారాలు. ఆ మూడు రోజులూ నా ఉద్యోగం ఖాళీగా ఉన్నట్టు పత్రికలో ప్రకటన పడింది. అప్పటికి రెండేళ్లుగా ఆ ఉద్యోగం చేస్తున్నది నేనే.

అమెరికాలో పరాయి దేశం మనిషిని శాశ్వతంగా ఉంచుకోవాలంటే యజమాని ముందు ఇక్కడివాళ్లను పిలిచి చూడాలన్నది చట్టం. పత్రికలో వరుసగా మూడు రోజుల ప్రకటన, రాష్ట్ర ఉద్యోగ కార్యాలయం జాబితాలో ముప్పై రోజులు, పనిచేసే చోట గోడ మీద నోటీసు. చెప్పిన అర్హతలున్న అమెరికన్ గాని, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు గాని ఒక్కరు వచ్చినా మన గ్రీన్‌కార్డు దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ప్రకటనలో కంపెనీ పేరుండదు. ఒక నంబరు ఉంటుంది, అది వేసి ఆ కార్యాలయానికి రాయాలి. అర్హతలు నా కొలతకు కుట్టినట్టు ఉండకూడదని లాయరు హెచ్చరించాడు. అందుకని రెండే పెట్టారు: కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ., ల్యాబ్‌లో రెండేళ్ల అనుభవం.

మేం ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. నేను నీటిని పరీక్షించే చిన్న ల్యాబ్‌లో కెమిస్టును. మా ఆయన ఇంకా చదువుకుంటున్నారు. ఆయన, మా అమ్మాయి ఈ దేశంలో ఉండడం నా వీసా మీద ఆధారపడింది. అది 1983 జూన్ 30తో ఆఖరు, ఇక పొడిగించరు.

మా కింది అపార్ట్‌మెంట్‌లో కాకినాడ ఆవిడ ఉండేది. చుట్టరికమేమీ లేదు, ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. మా అమ్మాయికి జ్వరమొస్తే పగలంతా తన ఒళ్లో పెట్టుకున్న మనిషి. భర్త ద్వారా ఆమెకు గ్రీన్‌కార్డు ఉంది. తనూ కెమిస్ట్రీ చదివింది. ఐదేళ్లుగా ఉద్యోగం కోసం చూస్తోంది. ఆ జూలైలో సర్టిఫికెట్ల కట్ట తెచ్చి, బయోడేటా టైపు చేసి పెట్టమంది.

"ఎక్స్‌పీరియెన్స్ రెండేళ్లని వేసెయ్ వదినా. ఎవరు చూడొచ్చారు?"

"ఊరికే వేయను. కాగితాలు చూపించు."

విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో 1974 ఆగస్టు 5న చేరింది. 1976 జూలై మొదటి వారం దాకా పనికి వెళ్లింది. అంటే ఒక ఏడాది పదకొండు నెలలు. కానీ రాజీనామాకు నెల రోజుల నోటీసు ఉంది. ఆ నెల సెలవు పెట్టి పెళ్లిపనుల్లో ఉంది గాని, జీతమిచ్చారు. ఫ్యాక్టరీ ఇచ్చిన ఉత్తరంలో ఉద్యోగం వదిలిన తేదీ ఆగస్టు 4 అనే ఉంది. సరిగ్గా రెండేళ్లు.

"ఒక్క నెల కోసం ఇంతసేపా? ముహూర్తాలు పెట్టేవాళ్లు కూడా నీ అంత చూడరమ్మా," అని నవ్వింది. నేనూ నవ్వాను.

అక్టోబరు 14 గురువారం సాయంత్రం పత్రికలోంచి ప్రకటన కత్తిరించి, శుభలేఖకు రాసినట్టు నాలుగు మూలలా పసుపు రాశాను. మా ఆయన చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు. ఆయన మాటకైనా ఆ ముక్క డ్రాయరులో పడేసి ఊరుకోవలసింది. కానీ మా ఇంట్లో శుభమైన కాగితం ఏదైనా ముత్తయిదువ చేతిమీదుగానే దేవుడి దగ్గరికి వెళ్లాలి. ఈ ఊళ్లో నాకున్న ముత్తయిదువ కింది వదిన ఒక్కతే. కాఫీకి పిలిచి చేతిలో పెట్టాను.

రెండుసార్లు చదివింది.

"పేరు లేదేంటి వదినా?"

"ఉండదు. ఆ నంబరు వేసి పంపడమే."

"ఎవరైనా పంపొచ్చా?"

"సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు. అర్హత ఉన్నవాళ్లెవరూ పంపకుండా చూడమని దణ్ణం పెట్టు."

కాగితం దేవుడి ముందు పెట్టి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది.

నవంబరు 10, బుధవారం. ల్యాబ్ యజమాని గదిలోకి పిలిచాడు. అరవై దాటిన అమెరికన్, మంచివాడు. నాలుగు దరఖాస్తులొచ్చాయని, ముగ్గురికి అర్హత లేదని, నాలుగోదాన్ని కాదనడానికి కారణం కనబడటం లేదని చెప్పాడు. కాదంటే ఎందుకో రాసి సంతకం చేయాలి.

"నువ్వు లెక్కల మనిషివి. ఒక్క కారణం చెప్పు, రాస్తాను," అంటూ కాగితం నా వైపు తిప్పాడు.

అది ఆయన నాకు చూపకూడదు. నేను చూడకూడదు. చూశాను. నేను టైపు చేసిన కాగితమే.

నోటీసు నెలలో ఆమె ల్యాబ్ గడప తొక్కలేదు. ఆ ఒక్క ముక్క చెబితే ఆయన రాసుకునేవాడు, నా దరఖాస్తు ముందుకు వెళ్లేది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ నెలను ఉద్యోగంలో కలిపింది నేను, కాగితాలు చూసి, ధర్మంగా. జూలైలో ఒప్పయిన లెక్క నవంబరులో తప్పెలా అవుతుంది?

"కారణమేమీ లేదండి," అన్నాను. ఆయన కాగితం మీదున్న నంబరుకు ఫోను చేసి ఆమెను ఇంటర్వ్యూకు రమ్మన్నాడు.

సాయంత్రం వాళ్ల తలుపు కొట్టాను. ఆమె నన్ను చూసి లోపలికి రమ్మనలేదు.

"అప్లై చేశాను వదినా. తప్పేముంది? ఎవరైనా చేయొచ్చని నువ్వే అన్నావు."

"అది నా ఉద్యోగమని తెలియదా?"

"తెలుసు. నువ్వు చదివింది అమెరికాలో. నీకు ఇంకోటి దొరుకుతుంది. నాకు ఐదేళ్లలో ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. ఇదే మొదటిది."

"దణ్ణం పెట్టావు కదా."

"పెట్టాను. దేనికని నువ్వు అడగలేదుగా."

మెట్లెక్కి వచ్చేశాను. చట్టం ఆమె పక్కనుంది. రమ్మని ఊరంతా పిలిచి, ఎవరూ రాకూడదని కోరుకున్నది మేము. ఇదంతా ఆ రాత్రే నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి ఉంటే సర్దుకునేదాన్ని.

నా దరఖాస్తు ఆగిపోయింది. ఇద్దరిని పెట్టుకునే స్తోమతు ల్యాబ్‌కు లేదు. వీసా అయిపోగానే నా స్థానంలో ఆమె వచ్చేట్టు కుదిరింది. ఆఖరు రోజుల్లో ఆమెకు పని నేర్పి వెళ్లమని యజమాని మొహమాటపడుతూ అడిగాడు.

జూన్ 20 నుంచి 30 దాకా, శని ఆదివారాలు పోగా తొమ్మిది రోజులు. నీటిలో సీసం కొలిచే యంత్రం ఎలా వేడెక్కించాలో, ఏ సీసాను ఎన్నిసార్లు కడగాలో చూపించాను. చురుకైనదే, చెప్పింది రాసుకునేది. అడిగిన ప్రతిదానికీ సరైన జవాబే ఇచ్చాను. ఒక్క పొరపాటు కూడా నేర్పలేదు.

జూలై ఒకటి నుంచి మేము ముగ్గురం ఎక్కడ ఉంటామని ఆ తొమ్మిది రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.