కాళ్లు లేని నేతగాడు

నేను చేసిన చిన్న బొమ్మల సినిమాను అందరికన్నా ముందు మగ్గం నేసే మా నాయినకే చూపియ్యాలనుకున్న. గద్వాలల మా ఇంట్లనే టీవీకి ల్యాప్‌టాప్ తగిలిస్తుంటే చిన్నాయిన కూడా వచ్చి కూసున్నడు.

సినిమాల ఒక నేతగాడు ఉంటడు. నడుము కింద ఏముండదు. చీర నేస్తున్న కొద్దీ, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలకు కుంగుతుంటడు. ఒక చిన్నపిల్ల ఆయన చెయ్యి పట్టి గుంజుతది. పిల్ల చెయ్యి సాగి సాగి దారమైతది. ఆ దారం కూడా మగ్గంలకే పోతది. ఆఖరికి చీర మిగుల్తది, మనిషి ఉండడు.

అయిపోయినంక చిన్నాయిన దిగ్గున లేచిండు.

"ఏందిది? కన్నతండ్రిని కాళ్లు లేకుంట చూపిస్తవా? ఏమనుకొని గీసినవ్ గిట్ల?"

అది నాయిన కాదందామనుకున్న. కానీ ఆ వంగిన మెడ, భుజం మీది తువ్వాల అన్నీ ఆయనవే.

నాయిన నా దిక్కు చూడకుంటనే, "చెప్పనియ్యిరా" అన్నడు.

"నా చిన్నప్పుడు ఒకనాడు అమ్మ బజారుకు పోయింది నాయినా. నువ్వు గుంతలకెల్లి లేవబోతే కాళ్లు రాలే. చెయ్యి గుంజమన్నవ్. ఎంత గుంజినా నువ్వు లేవలే. మగ్గం నిన్ను మింగుతుందనుకున్న. నువ్వేమో నవ్వినవ్. ఆ భయాన్నే గీసిన నాయినా. జరిగింది జరిగినట్టు గీసి చూసిన, గంత భయం కనవడలే. అందుకే గిట్ల చేసిన."

నాయిన మోకాళ్లు రుద్దుకున్నడు.

"నువ్వు ఏడుస్తవని నవ్విన బిడ్డా. నా కాళ్లు పోయినయనే అనుకున్న."

చాయ్ గిలాసలు పట్టుకొని అమ్మ వంటింటి గడపకాడ నిలవడ్డది. మేం చూడలే.

"మళ్ల ఎప్పుడన్న అయిందా గట్ల?" అనడిగింది.

నాయిన చాయ్ గిలాస కోసం చెయ్యి చాపిండు.

"అయితుందా?"

"అప్పుడప్పుడు."

అమ్మ గిలాసలు కింద పెట్టింది. తెల్లారి నాయిన వద్దంటున్నా వినకుంట వనపర్తి దవాఖానకు తీస్కపోయినం. నడుముకాడ నరం నలుగుతుందన్నరు. కొన్నాళ్లు గుంతల కూసోవద్దన్నరు.

మగ్గం బందయింది. దానికి నా సినిమానే కారణమని చిన్నాయిన కోపం. నాయిన ఇప్పుడు మంచిగనే నడుస్తుండు. చిన్నాయిన మాత్రం మొన్న పెండ్లిల ఎదురుపడితే మొఖం తిప్పుకొని పోయిండు.