దుర్భిణిలో అమ్మగారు

నా చిన్నప్పుడు, ములకలపల్లిలో మా అమ్మమ్మ ఇంట్ల ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికి ఏది కొత్తగ వచ్చినా మొదటిది దేవునికే. మొదటి కోత వడ్లు, ఈనిన బర్రె మొదటి పాలు చర్చికి పోవాలె. అంతకుముందు ఇంట్ల ఎవ్వరూ ముట్టొద్దు. ఇప్పుడు నవ్వొస్తది గాని, మా మామయ్య కొన్న, చుక్కలు చూసే దుర్భిణికి గూడ అమ్మమ్మ అదే పట్టు పట్టింది. ముందుగాల సంఘం పెద్దలు చూడాలె, తర్వాతే మేము.

మామయ్య బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్. పొద్దంత భూమి కింద పని, మనసంత ఆకాశం మీద. ఎన్నేండ్ల నుంచో ఆశపడి, సెలవు పెట్టి, నన్ను వెంటేసుకుని హైదరాబాద్ పోయిండు. దుకాణంల నా కన్ను నా అంత ఎత్తున్న లావు గొట్టం మీద పడ్డది. మామయ్య దాని దిక్కే చూడలేదు. దాని లోపల పెద్ద అద్దం ఉంటదట, మన రోడ్ల మీద బస్సు కుదుపులకు అది జరిగితే ఊకె సరిచేసుకుంట కూసోవాలె అన్నడు. ఆయనకు కావాల్సింది ముందర కటకం ఉన్న చిన్న గొట్టం. సంచిల పెట్టుకుని అడవి అంచు ఊర్లకు మోసుకపోవాలె. బాయి లైట్లు కనబడని కాడ నిలబెట్టి కంటితోటి చూడాలె, వెనక కెమెరా బిగించి ఫోటోలు గూడ తియ్యాలె. గొట్టం మరీ పొట్టిదైతే చంద్రుని అంచుకు ఊదారంగు అంటుకుంటదని, మరీ పొడుగుదైతే గాలికి ఊగి ఫోటో చెదురుతదని, రెంటికీ నడుమదాన్ని ఏరుకున్నడు.

దుకాణం ఆయన ఇంకో చిన్న అద్దాల డబ్బీ గూడ చూపించిండట. అది తగిలిస్తే బొమ్మ నిటారుగ కనిపిస్తది. చుక్కలకు నిటారేంది, తలకిందులేంది, ఫోటో అయితే తిప్పి పట్టుకుంటే సరి, ఊకె బరువు, వెలుగు గూడ తగ్గుతది అని మామయ్య వద్దన్నడట. ఈ ముచ్చట నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను బయట గోలీసోడా తాగుకుంట డబుల్ డెక్కర్ బస్సును నోరు తెరిచి చూస్తున్న.

ఊరికి వచ్చినంక అసలు పంచాయితీ మొదలైంది. మా సంఘంల ఒక పెద్దాయన ఉండె. ఆయన మాటంటే అందరికీ భయం. చుక్కలు చూసుడంటే జాతకాలు చూసుడే, మన పిల్లలకు అది వద్దు అన్నడు. మా పాస్టరు అయ్యగారు మెత్తటి మనిషి. ఒక్కసారి మీరే చూసి చెప్పుండ్రి, మీరు సరే అంటేనే చర్చి ముందట పిల్లలకు చూపిద్దాం అని ఆయనను ఒప్పించిన్రు. నేనేమో అప్పటికే సండేస్కూల్ పిల్లలందరికీ చంద్రుని మీద గుంటలు చూపిస్తనని డప్పు కొట్టుకున్న. పెద్దాయన కాదంటే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?

ఆ ఆదివారం మామయ్యకు డ్యూటీ పడ్డది. సాయంత్రం ప్రార్థన కూటం అయ్యే యాల్లకు బస్సుల దిగుత, నెలవంక కనబడంగనే పెద్దాయనకు నేనే చూపిస్త అన్నడు. దుర్భిణిని నిలబెట్టే పని నాకు అప్పజెప్పిండు. సూర్యుని దిక్కు మాత్రం తిప్పకు, కండ్లు పోతయి అని మల్ల మల్ల చెప్పిండు. కూటం అయిపోయింది, బస్సు జాడ లేదు. పొద్దు ఇంకా మా వెనక దిక్కు వెలుగుతనే ఉన్నది. పెద్దాయన చేతికర్రతో నేలను పొడుచుకుంట, "ఏంది పిల్లా, చూపిస్తవా, పొమ్మంటవా?" అన్నడు. తల ఎత్తితే ఎదురుంగ చర్చి మీద సిలువ కనిపించింది. ఇంతకన్న మంచిది ఏముంటది, ఈయన మనసు గూడ కరుగుతది అనుకున్న. ముందుగాల నేను కన్ను పెట్టొద్దు గదా, అందుకే గొట్టం పక్క నుంచి గురి చూసి సిలువ మీదికి తిప్పి, చూడుండ్రి తాతా అన్న.

ఆయన వంగి, బొమ్మ తేటపడేదాక పక్కనున్న చక్రం అటిటు తిప్పి, పాము కరిచినట్టు వెనక్కి దుంకిండు. "సిలువను తలకిందులు జేసింది! చెప్తే ఇన్నరా నా మాట?" అని అరిచిండు.

ఒక్కొక్కరే వచ్చి చూసుడు, యేసయ్యా అని చెంపలేసుకునుడు. నేనైతే ఏ పాపం చెయ్యలేదు. అమ్మమ్మ చెంగు నోట్ల కుక్కుకుని తల దించుకున్నది. తిట్లకన్న అదే నన్ను ఎక్కువ కోసింది. నేలల కూరుకపోతే బాగుండు అనిపించింది.

అప్పుడు అయ్యగారి భార్య వచ్చిన్రు. ఆమెను ఊరంతా అమ్మగారు అనేటోళ్లు. ఎంత హుందా మనిషంటే, ఆమె ముందు గట్టిగ తుమ్మాలన్నా మాకు భయం. ఆమె కన్ను పెట్టి చూసిన్రు. నా దిక్కు చూసిన్రు. చర్చి మెట్ల కాడికి నడిచిపోయి, అక్కడ నిలబడి, గొట్టాన్ని కిందికి తిప్పుమని నాకు సైగ చేసిన్రు.

"పెద్దయ్యా, ఇగ నన్ను చూడుండ్రి. నన్ను గూడ తిప్పిందా ఈ పిల్ల?"

పెద్దాయన గునుసుకుంటనే వంగిండు. చానా సేపు లేవలేదు. తర్వాత ఆయన భుజాలు కదిలినయ్. "అమ్మా! గబ్బిలం లెక్క వేలాడుతున్నరు గదా!" అని పక్కున నవ్విండు.

"అవ్, మరి నా చీర జారలేదు, చెప్పులు ఊడలేదు. నేను మంచిగనే నిలబడ్డ. సిలువ గూడ మంచిగనే ఉన్నది. తిరిగింది ఆ అద్దంలనే. ఇగ రాండ్రి, అందరు రాండ్రి, నన్ను చూడుండ్రి!"

వరుస కట్టిన్రు. ఆమె చెయ్యి ఊపిన్రు, కొంగు ఊపిన్రు. పిల్లలు ఎగురమంటే, అంత మనిషి, ఎగిరిన్రు గూడ. ఎగిరితే పాతాళానికి పోతున్నట్టు కనబడుతున్నదని పిల్లలు పడి పడి నవ్విన్రు. నన్ను ఇగ ఎవ్వరూ పట్టించుకోలేదు. అయినా నా సిగ్గు పోలేదు, ఇంకో తీరుగ మారింది. నా మీద పడ్డ తిట్లను నవ్వు జేసి ఆమె తన మీద వేసుకుంటున్నరని నాకు తెలుస్తనే ఉన్నది. నా వంతు వచ్చినప్పుడు కన్ను పెట్టనీకె నాకు మనసు రాలేదు.

చీకటి పడేముందు మామయ్య వచ్చిండు. సంగతి ఇని నెత్తి కొట్టుకున్నడు. "చుక్కలను చూసుకున్న, కెమెరాను చూసుకున్న, బస్సు కుదుపులను చూసుకున్న. చూసే మనుషులను చూసుకోకపోతి" అన్నడు. నెలవంకను అందరికన్న ముందు పెద్దాయనకే చూపించిండు. ఆయన తృప్తిగ చూసి, పిల్లలను చూడనియ్యుండ్రి అని చెప్పి పోయిండు.

ఇప్పుడు నా మనుమరాలు ఫోన్ల టెలిస్కోపుల బొమ్మలు జరుపుకుంట, చూడనీకె, ఫోటోలకు ఏది కొనాలె నానమ్మా అని అడుగుతది. చిన్నది తీసుకో, భుజానికి తగిలించుకునేది, కాళ్లు గట్టిగున్న స్టాండు మాత్రం చూసుకో అంట. నీతో పాటు ఎవరెవరు చూస్తరో గూడ ముందే ఆలోచించుకో అంట. అది సరే సరే అనుకుంట ఇంకో బొమ్మ మీదికి పోతది.

నేను దవాఖానాల నర్సు పని చేసి రిటైరైన. కొత్తగ వచ్చిన పిల్ల చెయ్యి జారి మందు ఒలకబోసి, పదిమంది ముందట తిట్లు తింటుంటే, నేనే ఏదో తిక్క మాట అని నవ్వును నా దిక్కు తిప్పుకునేదాన్ని. అన్నిసార్లు కాదు. కొన్నిసార్లు నాకెందుకులే అని గోడకు ఆనుకుని నిలబడ్డ. అసుంటి రోజు ఇంటికి పోతే ముద్ద దిగకపోయేది. ఊరంతా నవ్వుతుంటే ఎగురుకుంట నిలబడ్డప్పుడు అమ్మగారి మొఖం ఎట్లున్నదో నాకు తెల్వది. ఊరంతా దుర్భిణిల దగ్గరగ చూసింది, నేనొక్కదాన్నే చూడలేదు. చూసి ఉంటే నాకు ఇంకొంచెం ధైర్యం వచ్చేదేమో అని, ఈ వయసుల గూడ సిగ్గుపడుత.